గోరువెచ్చని నీళ్లు

ఎముకలు కొరికే చలితో తూబా నెల వచ్చిందంటే పడుచుపిల్ల కూడా ముసలమ్మ అయిపోతుందని మా దుమ్యాత్‌లో సామెత. ముసలమ్మ ఏమవుతుందో ఆ సామెత చెప్పదు. మా అత్తగారు ఇతిదాల్ అయితే ఆ చలిలో ఇంకా చురుకెక్కుతారు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, తెల్లవారి ప్రార్థన ముగించుకుని, మా ఆయన పాత స్వెటర్ తొడుక్కుని, నడుముకు శాలువా బిగించి, నాలుగంతస్తుల మెట్లెక్కి డాబా మీదికి వెళ్తారు. అక్కడ ఆవిడ బాతులుంటాయి. హజ్ చేసి వచ్చినప్పటి నుంచి వీధంతా ఆవిడను హాగ్గా అని పిలుస్తుంది. పందొమ్మిదేళ్లుగా కోడలినైన నేనూ అలాగే పిలుస్తాను.

ఆ ఏడు తూబా మొదటి వారంలో మా ఆడపడుచు శాహిందా మన్సూరా నుంచి ఒక తెల్లని మంచుపెట్టె పట్టుకుని వచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయంలో మందుల తయారీ గురించి పాఠాలు చెబుతుంది. పెట్టెలో మంచుగడ్డల మధ్య మూతలు బిగించిన మూడు సీసాలున్నాయి. ఒక్కో సీసాలో లేత పసుపు రంగు ముద్ద.

హాగ్గా ఒక మూత తీసి వాసన చూశారు.

"నెయ్యా?"

"టీకా అమ్మా."

"టీకా అంటే సూది. ఇది నెయ్యి. అదీ మంచి నెయ్యి కాదు. ఆ గేదె ఏం తిందో ఏమో."

శాహిందా ఓపిగ్గా చెప్పుకొచ్చింది. కిందటేడు పక్కవీధి ఉమ్ రిజ్క్ డాబా మీద అరవై బాతులు రెండు రోజుల్లో కలరా తగిలి పోయాయి. దానికి సూదిమందు ఉంది. కానీ ప్రతి డాబా ఎక్కి, ప్రతి బాతునూ పట్టుకుని పొడిచేంత ఓపికున్న పశువైద్యుడు ఇంకా పుట్టలేదు. అదే మందు నోట్లో వేయగలిగితే ఇంటి ఆడవాళ్లే వేసుకుంటారు.

"కడుపులో ఆమ్లం ఉంటుంది కదమ్మా. ఉత్త మందు వేస్తే దాన్ని అరిగించేస్తుంది. అందుకని కొవ్వుతో కంటికి కనబడనంత చిన్న బుడగలు చేసి వాటిలో మందు దాచాం."

"కొవ్వు కనబడితే పైత్యం ఊరుకుంటుందా? నేను రెండు ముక్కలు ఎక్కువ తింటేనే ఊరుకోదు."

"ఊరుకోదు. అందుకే ఆ పైత్యరసాన్నే చిటికెడు ముందుగా ఆ కొవ్వులో కలిపి పెట్టాం. అలవాటు పడిన కొవ్వు కాబట్టి లోపలికెళ్లాక తొందరగా విరగదు."

హాగ్గా నా వైపు తిరిగారు. "విన్నావా విదాద్? అత్తగారి తిట్లు నాలుగు పుట్టింట్లోనే నేర్పి కాపురానికి పంపడమన్నమాట."

"నాకెవరూ నేర్పలేదు హాగ్గా."

"అందుకే మొదటి ఏడాది అంత ఏడ్చావు."

శాహిందా నవ్వింది గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. హాగ్గా టీ పెట్టడానికి లేచాక నాతో అసలు సంగతి చెప్పింది. ఈ బుడగల మీద ఆమె ఐదేళ్లు పనిచేసింది. వాళ్ల విభాగాధిపతికి నోటి టీకా మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. ఫారాల్లో నీళ్లలో కలిపి ఇచ్చి చూస్తే బాతులు సగం ఒలకబోశాయి. ఇది ఆఖరి అవకాశం. ఈద్ సెలవులకు ముందు జరిగే సమావేశంలో ఫలితం చూపించలేకపోతే ఆమె బల్ల, ఆమె యంత్రం, ఇద్దరు విద్యార్థులు అన్నీ సూదిమందు బృందానికి వెళ్లిపోతాయి.

"ఆ తర్వాత నేను పాఠాలు చెప్పుకుంటూ కూర్చోవాలి వదినా. ఒలికిపోకుండా మందు మొత్తం బాతు గొంతు దిగే దారి ఒకటే తోచింది. అమ్మ చెయ్యి."

ఆ మాట నిజం. మా వైపు బాతులను ఊరికే మేపరు. రోజుకు రెండుసార్లు వాటికి తజ్గీత్ చేస్తారు. బాతును మోకాళ్ల మధ్య ఇరికించి, ఎడమ చేత్తో ముక్కు విప్పి, కుడి చేత్తో నానిన ఫూల్ అనే చిక్కుడు గింజలు ఆరేడు లోపలికి తోసి, బొటనవేలితో మెడ పొడవునా కిందికి నిమరాలి. కొత్తవాళ్లు చేస్తే బాతు ఉక్కిరిబిక్కిరవుతుంది. హాగ్గా చేస్తే కళ్లు మూసుకుని మింగుతుంది. ఉమ్ రిజ్క్ కోడళ్లిద్దరికీ ఆ పని నేర్పింది ఈవిడే. నాకూ నేర్పాలని చూశారు. మొదటి బాతే నా వేలు కొరకడంతో డిగ్రీ చదువు నీ వేళ్లను పాడుచేసిందని తేల్చేశారు.

మర్నాడు శాహిందాతో పాటు పశువైద్యుడు సర్వత్ వచ్చాడు. టీకాకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రక్తం తీయడం ఆయన పని. టీకా పనిచేస్తే రక్తంలో దాని జాడ చేరుతుందనీ, ప్రయోగశాల పలకలోని గుంటల్లో ఆ రక్తపు తేట వేసి మందు కలిపితే పసుపు రంగు తేలుతుందనీ నాకు అర్థమయ్యేలా చెప్పాడు. మంచి మనిషి, కాస్త లావు. డాబా ఎక్కేసరికి రొప్పుతున్నాడు.

"హాగ్గా, మీ దుమ్యాత్ వాళ్ల పొదుపు గురించి విన్నాను. అతిథి వస్తే 'భోంచేస్తారా, తేలిక కడుపుతో పడుకుంటారా' అని అడుగుతారటగా?"

"మేమూ విన్నాం నాయనా. మన్సూరా వాళ్లు మహా అందగాళ్లని. నిన్ను చూశాక ఊళ్ల మీద చెప్పుకునే మాటలు నమ్మకూడదని తెలిసింది. కూర్చో, ఫిటీర్ రొట్టె పెడతాను."

ముప్పై ఆరు బాతులు. వాటి కాళ్లకు ఉన్ని దారాలు కట్టింది నేను. ఎర్రవి పది, పచ్చవి పది, తెల్లవి పది, ఇవన్నీ టీకా తీసుకునేవి. నీలం దారాలవి ఆరు, వాటికి ఏమీ ఇవ్వకూడదు, పోల్చడానికి ఉండాలి. కాలేజీలో నేను చదివింది చరిత్ర. తేదీ, వేళ, వరస రాసుకోవడం తప్ప ఆ చదువు వల్ల నాకు మిగిలింది పెద్దగా లేదు. పాత వంటల నోటుపుస్తకం తిరగేసి వెనకవైపు నుంచి గళ్లు గీసుకున్నాను.

రక్తం తీయడం చివరికొచ్చేసరికి ఉమ్దా వచ్చి డాక్టర్ సర్వత్ ప్యాంటు పట్టుకున్నాడు. ఉమ్దా అంటే ఊరిపెద్ద. మా డాబా మీద ఆ పదవి ఒక ముసలి మగ హంసబాతుది. పదకొండేళ్లుగా ఏ పండగకూ వాణ్ణి కోయలేదు.

"వాడి రక్తం కూడా తియ్యి," అన్నారు హాగ్గా.

"వాడు లెక్కలో లేడమ్మా," అంది శాహిందా.

"ఉమ్దా లేకుండా ఊరి లెక్క ఏమిటే? అందరికీ చేసి వాడికి చేయకపోతే అలుగుతాడు. వారం రోజులు నన్ను దగ్గరికి రానివ్వడు."

డాక్టర్ సర్వత్ తన ప్యాంటు కోసం ఒప్పుకున్నాడు. ముప్పై ఏడో గొట్టం మీద నేనే 'ఉమ్దా' అని రాశాను.

టీకా వేయాల్సిన రెండు ఉదయాల్లోనూ శాహిందాకు మన్సూరాలో క్లాసులున్నాయి. ఒక కాగితం రాసి గోడకు అంటించి వెళ్లింది. శనగగింజంత ముద్ద, నానిన గింజకు అద్ది, నీళ్లలో తడిపి, మింగించాలి. నేను పీట వేసుకుని పక్కన కూర్చున్నాను. హాగ్గా ఎర్ర దారాలతో మొదలుపెట్టారు, అవి ఎక్కువ అరుస్తాయి గనుక. తర్వాత పచ్చవి, చివర తెల్లవి. వారం తర్వాత రెండో ఉదయం కూడా అదే వరస. ఒక్క బాతు ఉమ్మలేదు, ఒక్కటి విదిలించుకోలేదు. నేను వేళలు రాసుకున్నాను. ఏడూ పదికి ఎర్ర ఒకటి. ఎనిమిదీ నలభైకి తెల్ల పది. అంతా ముచ్చటగా జరిగింది.

మూడు వారాల తర్వాత మళ్లీ రక్తం తీశారు. ఆ తర్వాతి సోమవారం శాహిందా వచ్చింది. అమ్షీర్ నెల మొదలై దుమ్ముగాలి తోలుతోంది. తలకు కట్టుకున్న గుడ్డ మీద ఇసుక, కళ్ల కింద నలుపు. సోఫాలో కూర్చుని చెప్పులు కూడా విప్పలేదు.

"ముప్పైలో పన్నెండు వదినా. పద్దెనిమిదింటికి ఏమీ లేదు. కడిగిన పళ్లెంలా ఉంది."

"పన్నెండంటే తక్కువా?"

"తక్కువే. కానీ అసలు గొడవ అది కాదు. అన్నింటికన్నా ఎక్కువ పసుపు ఎవరిదో తెలుసా? ఉమ్దాది! మందే వేయని వాడిది. మా విభాగాధిపతి సర్ ఆ కాగితం చూసి నవ్వారు. 'గొట్టాలు తారుమారయ్యాయి, లేదా రోగమే డాబా మీదికి వచ్చింది. ఏదైనా సరే, మీ ఇంటి డాబా లెక్క చెత్తబుట్టకే' అన్నారు."

గొట్టాలు తారుమారయ్యాయనే మాట నాకు గుచ్చుకుంది. వాటి మీద రాసింది నేను. లోపలికెళ్లి నోటుపుస్తకం తెచ్చాను. శాహిందా కాగితంలో అంకెలు మాత్రమే ఉన్నాయి, దారాల రంగులు లేవు. ఒక్కో అంకె పక్కన రంగు రాసుకుంటూ వెళ్లాం. ఎర్ర దారాలు పదింటికి పదీ సున్నా. పచ్చవాటిలో మూడింటికి పసుపు. తెల్లవాటిలో తొమ్మిదింటికి. నీలం ఆరింటికీ సున్నా.

"రోగం వస్తే నీలం వాటిని వదిలేసి ఉమ్దాకే వస్తుందా?" అన్నాను.

శాహిందా కాగితం దగ్గరగా లాక్కుంది. "మొదటిసారి తీసిన రక్తంలో వాడికీ సున్నాయే. అంటే మధ్యలో వాడికి మందు అందింది. ఎలా? వదినా, నువ్వు పక్కనే ఉన్నావు. మొదటి బాతుకూ చివరి బాతుకూ తేడా ఏమిటి?"

గంటన్నర తేడా, అంతే. ఇన్ని గళ్లు గీసి కూడా చూడాల్సింది చూడలేదని మాత్రం తెలిసింది.

మర్నాడు పొద్దున హాగ్గా వెనకే డాబా ఎక్కాను. ఈసారి పెన్ను తీసుకెళ్లలేదు. ఆవిడ మూలనున్న కిరోసిన్ పొయ్యి మీద నీళ్లు కాచి, చన్నీళ్లు కలిపి, మోచెయ్యి ముంచి చూసుకుని, గింజల సత్తు పళ్లెంలో పోశారు. పసిబిడ్డ స్నానానికి చూసినట్టే చూశారు. పళ్లెం నుంచి సన్నగా ఆవిరి లేచింది. ఈ ఆవిరి నేను ఆ రెండు ఉదయాలూ చూశాను. తూబాలో, అమ్షీర్‌లో బాతులకు చల్లటి గింజ పెడితే గొంతుసంచి బిగుసుకుపోతుందని పందొమ్మిదేళ్లుగా వింటున్నదే. రోజూ లేచే పొగను ఎవరు రాసుకుంటారు?

చివరి బాతు దగ్గరికొచ్చేసరికి ఆ నీళ్లు చల్లారిపోయాయి. హాగ్గా లేచి, "దేవుడిచ్చిన మెతుకు పారబోస్తే పాపం" అంటూ పళ్లెంలో మిగిలింది మొత్తం ఉమ్దా తొట్టిలో ఒంపారు. వాడు మెడ చాచి, ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు. అప్పుడు గుర్తొచ్చింది. టీకా వేసిన రోజు ఆ తొట్టి నీళ్ల మీద నూనె చుక్కలు కళ్లలా తేలుతుంటే, హాగ్గా నేతి గిన్నె సరిగా తోమకుండా వాడారని మనసులో సణుక్కున్నాను.

కిందికొచ్చి ఫ్రిజ్ తెరిచాను. మూడో సీసా అడుగున కాస్త ముద్ద మిగిలి ఉంది. ఒక గింజకు అద్ది గోరువెచ్చని నీళ్లలో ముంచాను. ముద్ద మెత్తబడి, జారి, చిన్న చిన్న పసుపు కళ్లై పైకి తేలింది. గింజ నున్నగా మిగిలింది. ఇంకో గింజను కుళాయి నీళ్లలో ముంచాను. ముద్ద అతుక్కునే ఉంది.

ఫోన్లో ఈ సంగతి చెప్పగానే శాహిందా గట్టిగా నవ్వడం మొదలుపెట్టింది. పక్కనెవరో "డాక్టర్, ఏమైంది?" అని అడగడం వినిపించింది.

"వదినా! ఉమ్దా గాడు రెండు ఉదయాలు కలిపి పదిహేను, ఇరవై బాతుల మందు తాగాడు! అందుకే పలకలో గుంట అంత పసుపెక్కింది. అంటే మందు నోటి ద్వారా పనిచేస్తోంది! గొంతు దిగినవాటికల్లా పనిచేసింది!"

"దిగనివి పళ్లెంలో కరిగాయి."

"కరగాల్సింది బాతు కడుపులో. అమ్మ పళ్లెంలో కాదు. సర్‌కు ఇప్పుడే చెబుతాను, ఆ పద్దెనిమిదింటికీ మళ్లీ వేయడానికి ఒప్పిస్తాను." అంతలో గొంతు తగ్గించింది. "కానీ అమ్మకు ఎవరు చెబుతారు?"

"నువ్వే. కూతురివి."

"నేను చెబితే వారం రోజులు నా ఫోన్ ఎత్తదు. తన చేతుల మీద తప్పు జరిగిందంటే... నువ్వు చెప్పు వదినా. నీ ఫోన్ ఎలాగూ ఎత్తక్కర్లేదు, ఒకే ఇంట్లో ఉంటారు."

హాగ్గాకు ఆమె తప్పు చెప్పిన మనిషిని ఈ ఇంట్లో నేను చూడలేదు. మామగారు బతికుండగా ఒకసారి ప్రయత్నించి, మూడు రోజులు వాళ్లక్క ఇంట్లో భోంచేశారట. పద్దెనిమిదింటికి మందు పట్టలేదని ఆవిడకు తెలుసు, ఎందుకో తెలియదు. నేను శుక్రవారం దాకా ఆగాను. శుక్రవారం ఉదయం మా ఇంట్లో ఫిటీర్ చేస్తాం. పిండిని పల్చటి దుప్పటిలా చాచి, మీద నెయ్యి రాసి, మడిచి, మళ్లీ రాసి, మళ్లీ మడిచి కాల్చే పొరల రొట్టె అది. పిండి చాచడం ఆవిడ వంతు, నెయ్యి అందించడం నా వంతు.

నేను నెయ్యిని పొయ్యి మీద పెట్టి నీళ్లలా కరగబెట్టి తెచ్చాను.

"ఇదేమిటి?"

"నెయ్యి హాగ్గా."

"కనబడుతోంది. ఇలా పారేదాన్ని పొరల్లో పోస్తారా ఎవరైనా? ఇంతకాలం ఈ వంటింట్లో ఏం చూశావే? గట్టిగా ఉంటే పొరను పట్టుకుని ఉంటుంది. కరిగిస్తే అంతా బయటికి కారి పళ్లెంలో చేరుతుంది. పిండికి ఏమీ మిగలదు. పళ్లెం తింటుంది నెయ్యి, మనం తింటాం..."

మాట ఆగిపోయింది. పిండి అంటిన చేతులు అలాగే గాలిలో ఉన్నాయి. నేను గిన్నె వైపే చూస్తూ నిలబడ్డాను.

"విదాద్."

"హాగ్గా."

"ఆ పిల్ల నెయ్యి నా పళ్లెంలో పోయిందా?"

"చాలావరకు ఉమ్దా కడుపులోకి."

ఆవిడ పీట మీద కూర్చున్నారు. ఇక ఏడుస్తారేమో అనుకున్నాను. నన్ను నేను తిట్టుకోవడం కూడా మొదలుపెట్టాను.

"ఫోన్ తే."

తెచ్చాను.

"డాక్టరమ్మా! ఇరవై ఏళ్లు చదివించాం. 'చల్లని నీళ్లు' అని రాయడానికి నీ చేతికేమొచ్చింది? 'చల్లని' అనే ఒక్క మాట! కాగితంలో చోటు చాలలేదా? తూబాలో బాతుకు చన్నీళ్ల గింజ పెట్టే రాక్షసి ఎవరైనా ఉందా మన వంశంలో? ఆ సంగతి నీకు తెలియదా? నువ్వు ఈ డాబా మీదే కదే నడక నేర్చింది!"

అవతలి నుంచి, "తప్పు నాదేనమ్మా," అని వినిపించింది.

"నీదే. మరి ఎవరిది?" హాగ్గా ముఖం విప్పారింది. "సరే, సీసాలు ఎప్పుడు తెస్తున్నావు?"

విభాగాధిపతి ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఆ పద్దెనిమిదింటికే, ఈద్ ముందు సమావేశంలోపు. శాహిందా ఈసారి సెలవు పెట్టి మరీ వచ్చింది. కాగితం మీద ఎర్ర సిరాతో 'చల్లని నీళ్లు' అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది. హాగ్గా ఆ కాగితం చదివించుకుని తల అడ్డంగా ఊపారు.

"చల్లని గింజ నేను పెట్టను."

"అమ్మా!"

"నీ టీకా బతుకుతుంది, నా బాతు గొంతు పట్టేస్తుంది. అప్పుడు రక్తం ఎవరికి తీస్తావు? నా చేతి మీద నమ్మకం ఉంటే ఇలా రా."

ఆవిడ తవుడు, మొక్కజొన్న పిండి కలిపి చల్లటి నీళ్లతో గట్టిగా పిసికారు. ఉసిరికాయంత ఉండ తీసుకుని, వేలితో పల్చగా చేసి, మధ్యలో శనగగింజంత మందు పెట్టి, ఫిటీర్ మడిచినట్టే నాలుగువైపుల నుంచీ మడిచి, అంచులు నొక్కేశారు. ఆ ఉండను కిటికీ గట్టు మీద గాలికి పెట్టారు. పక్కన గోరువెచ్చని గింజల పళ్లెం.

"మొదట వెచ్చని గింజలు మూడు. గొంతు తెరుచుకుంటుంది. తర్వాత నీ ఉండ, నీళ్లు తగలకుండా. దాని వెనక వెచ్చని గింజలు మూడు. అటు బాతుకూ చలి లేదు, ఇటు నీ నెయ్యికీ స్నానం లేదు."

శాహిందా ఒక ఉండను వేడినీళ్లలో వేసి గడియారం చూసింది. ఐదు నిమిషాల దాకా నీళ్ల మీద ఒక్క కన్ను కూడా తేలలేదు. బాతు మింగడానికి పట్టేది మూడు క్షణాలు. ఆమె తల్లి వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది.

"ఇది నాకెందుకు తోచలేదు?"

"నువ్వు ఫిటీర్ కొనుక్కుని తింటావు కనుక."

నేను నోటుపుస్తకంలో కొత్త గడి గీశాను. 'నీళ్ల వేడి' అని పైన రాశాను. హాగ్గా మోచెయ్యి ముంచి "బాగుంది" అంటే 'బాగుంది' అనీ, పక్కన శాహిందా థర్మామీటర్ పెట్టి చెప్పిన అంకెనూ రాశాను. మిగిలిన నీళ్లు ఉమ్దా తొట్టిలో పోయకుండా నేనే మొక్కలకు పోశాను. వాడు నా వెనకే మెట్ల దాకా వచ్చి తిట్టాడు.

రమదాన్ వచ్చింది. మొదటి రోజు సాయంత్రం ఉపవాసం విప్పేటప్పుడు దుమ్యాత్ ఇళ్లన్నింట్లో ఉల్లిపాయ కూరిన బాతు ఉంటుంది. మా ఇంట్లో బజారు బాతు ఉంది, ఎందుకంటే డాబా మీది ముప్పై ఆరూ కోతకు రావు. హాగ్గా ఒక ముక్క నమిలి పక్కన పెట్టారు.

"ఈ బాతు నడిచి నడిచి చచ్చింది."

"బాగానే ఉందమ్మా," అన్నాడు మా ఆయన.

"నీకు చెక్క పెట్టినా బాగానే ఉంటుంది. రోజంతా అదే చెక్కుతావుగా."

ఆ పద్దెనిమిదింటి రక్తం మళ్లీ తీయడానికి డాక్టర్ సర్వత్ రమదాన్ చివరి వారంలో వచ్చాడు. ఈసారి దళసరి ప్యాంటు వేసుకున్నాడు. ఉపవాసంలో ఉండి నాలుగంతస్తులెక్కిన మనిషిని చూసి హాగ్గాకు జాలేసింది. తీసుకెళ్లమని ఒక డబ్బా నిండా కహ్క్ బిస్కట్లు ఇస్తానని మాటిచ్చారు. "దుమ్యాత్ నుంచి నిండు డబ్బాతో వెళ్లానని చెబితే మా ఊళ్లో నమ్మరు హాగ్గా," అన్నాడు ఆయన. "ఒట్టి డబ్బా వెనక్కి పంపు. అప్పుడు మన్సూరా వాళ్లను నేను నమ్ముతాను," అన్నారు ఆవిడ.

ఫలితం వచ్చిన మధ్యాహ్నం మేము ఆ కహ్క్ పిండే కలుపుతున్నాం. పెద్ద పళ్లెం చుట్టూ ఇద్దరం కూర్చున్నాం. హాగ్గా మోచేతుల దాకా పిండి, నెయ్యి. నువ్వుల వాసన, ఉపవాసపు ఆకలి. ఫోన్ మోగింది. శాహిందా మాట్లాడలేదు, ఒక ఫొటో పంపింది. చేతులు తుడుచుకుని తెరిచాను. వరసలుగా చిన్న చిన్న గుంటలున్న పలక. ఒకటి, రెండు, మూడు... పసుపు, పసుపు, పసుపు.

"చూపించు. చదవకు, చూపించు."

ఆవిడ ముఖం దగ్గర పెట్టాను. అద్దాలు లేవు. కళ్లు చికిలించి, పిండి అంటిన చూపుడువేలితో గాలిలోనే ఒక్కో గుంటను లెక్కపెట్టారు.

"పదహారు."

"పదహారే హాగ్గా. పద్దెనిమిదిలో పదహారు."

"ఇంకా రెండు?"

"తెల్లగా ఉన్నాయి."

"అవి ఏవో నాకు తెలుసు. కుంటిదీ, నన్ను కరిచిందీ. కావాలనే చేశాయి."

అప్పుడు ఫోన్ మోగింది. శాహిందా ఈసారి గట్టిగా మాట్లాడుతోంది, వెనక ఎవరో చప్పట్లు కొడుతున్నారు. సమావేశం అప్పుడే ముగిసిందట. బల్ల ఆమెదే. యంత్రం ఆమెదే. విభాగాధిపతి పలకను వెలుతురుకు పట్టుకుని రెండుసార్లు చూసి, 'ఈ ఉండలు ఎవరు చేశారు' అని అడిగారట. వచ్చే శీతాకాలం ఉమ్ రిజ్క్ డాబాతో కలిపి ఇరవై డాబాల మీద వేయాలట. ఆడవాళ్లకు నేర్పడానికి హాగ్గా రావాలట.

"చూద్దాం. ఖాళీ ఉంటే," అన్నారు హాగ్గా. ఆవిడ చేతులు మాత్రం పిండిని రెండింతల జోరుగా పిసుకుతున్నాయి. నేను ముఖం పక్కకు తిప్పుకుని నువ్వులు ఏరాను.

"అమ్మా, పద్ధతి మొత్తం అచ్చులో రావాలి. నువ్వు ఒక్కో మెట్టూ చెప్పు, నేను రాసుకుంటాను. ఏదీ వదలకు. ఈసారి నీళ్ల వేడితో సహా."

హాగ్గా గొంతు సవరించుకున్నారు. "రాసుకో. పొయ్యి వెలిగించాలి. నీళ్లు మోచేతికి హాయిగా ఉండాలి. బాతును మోకాళ్ల మధ్య పెట్టుకోవాలి, తోక బయటికి. బిస్మిల్లా అనాలి. మూడు వెచ్చని గింజలు..."

"బిస్మిల్లా అచ్చులో వేయరమ్మా."

"ఎందుకు వేయరు?"

"అది శాస్త్రం కాదు."

"'చల్లని' అనే మాట కూడా వద్దనుకునే కదా వదిలేశావు?"

నేను నోటుపుస్తకం తెచ్చి, ఆవిడ చెప్పినవన్నీ పోయిన నెల గడుల కింద రాసి పెట్టాను. శాహిందా ఏం వేసుకుంటుందో ఆమె ఇష్టం. నా పుస్తకంలో నాలుగో మెట్టు బిస్మిల్లాయే.

డాబా మీది నుంచి అప్పుడే ఒక గావుకేక వినిపించింది. ఖాళీ తొట్టి ముందు నిలబడి ఉమ్దా అరుస్తున్నాడు. నెల రోజులుగా రోజూ ఇదే వేళకు ఇదే గోల. నేతి కళ్లు తేలే ఆ నీళ్లు వాడు మరిచిపోలేదు.

"వెళ్లి వాడితో చెప్పు," అన్నారు హాగ్గా, పిండిలోంచి చేతులు తీయకుండానే. "ప్రయోగం అయిపోయిందని. ఇక మామూలు నీళ్లే తాగాలని. మెల్లగా చెప్పు, అలుగుతాడు."